రంగు కొట్టేసి టంగు

పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేసి, "పిచ్చుకా, ఇవాళ మావాళ్ళ ముందు నా పరువు నీ చేతుల్లో ఉంది" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. యాభై ఏళ్ళొచ్చిన మనిషిని, పేరు వెనక బారెడు చదువున్న మనిషిని ఇంకా పిచ్చుకా అని పిలిచేది లోకంలో ఆయనొక్కడే. చిన్నప్పుడు పుల్లలా ఉండి, నోరు మాత్రం మూసేది కాదట. అందుకని ఆ పేరు.

ఆమె పదార్థ శాస్త్రవేత్త. ఇనుము ఎందుకు వంగుతుంది, గాజు వంగకుండా ఎందుకు పగులుతుంది, ప్లాస్టిక్ కుర్చీ కాలు సరిగ్గా బరువైన చుట్టం కూర్చున్నప్పుడే ఎందుకు విరుగుతుంది, ఇదీ ఆమె చదువు. వారంలో అయిదు రోజులు ప్రయోగశాలలో విరిగిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసేది. ఆరో రోజు సంచీ భుజాన వేసుకుని జనంలో పడేది. గ్రంథాలయం హాల్లోనో, బడి ఆవరణలోనో, బస్సు కోసం నిలబడ్డవాళ్ళ మధ్యనో ఓ బల్ల వేసుకుని, వాళ్ళు తెచ్చిన కుక్కరు పిడినీ గొడుగు ఊచనీ చేతిలోకి తీసుకుని, అది ఎలా విరిగిందో కథలా చెప్పేది. "వంతెన మీద నడిచేది మీరు, లిఫ్టు ఎక్కేది మీరు. అవి ఎందుకు నిలబడుతున్నాయో తెలుసుకోవద్దా?" అనేది. తోటి శాస్త్రవేత్తలు చాటుగా "సర్కస్ కంపెనీ బయల్దేరింది" అని మూతి విరిచేవాళ్ళు. మీరు రాసింది మీ ఇంట్లోవాళ్ళు కూడా చదవరని ఈవిడ వాళ్ళ మొహం మీదే అనేది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

రెండేళ్ళ కిందట ఆమె తీసిన ఒక వీడియో మాత్రం అందరి నోళ్ళూ మూయించింది. మొత్తం నలభై సెకన్లు. బల్లమీద ఆరు టీ కప్పులు, ఆమె చేతిలో ఒక చెంచా. ఒక్కో కప్పునీ తడుతూ వెళ్ళింది. అయిదు టంగుమన్నాయి. ఆరోది జలుబు చేసినట్టు బొంగురుగా పలికింది. దాన్ని ఎత్తి వెలుతురుకి పెడితే వెంట్రుకంత పగులు కనిపించింది. అప్పుడు కెమెరా వైపు తిరిగి, చెంచా ఊపుతూ అంది: "వస్తువేదైనా సరే, టంగుమంటే గట్టి, బొంగురైతే ఒట్టి!"

ఇక చూడాలి జనం వెర్రి. ఇళ్ళల్లో కప్పులూ గిన్నెలే కాదు, గోడలు కొట్టారు, కిటికీలు కొట్టారు. ఒక పెద్దాయన సభలోనే కట్టుడు పళ్ళు తీసి, చెంచాతో కొట్టి, ఫలితం చెప్పమని అడిగాడు. వదిన అయితే అన్నయ్య బట్టతల మీద ఓ మొట్టికాయ వేసి "ఒట్టిదే" అని తేల్చేసింది. వీధిలో కనబడితే చాలు, "టంగు మేడమ్, టంగు మేడమ్" అని చుట్టూ మూగేవాళ్ళు. దాచడం ఎందుకు, ఆమె లోలోపల పొంగిపోయింది.

అన్నయ్య పొంగు దానికి రెట్టింపు. ఆయన పెద్ద పెద్ద నీటి పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో మరమ్మతుల విభాగం పెద్ద. యంత్రాలు బాగుచేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. కానీ ఇన్నేళ్ళూ ఎవరైనా "మీ చెల్లెలు ఏం చేస్తుంది?" అని అడిగితే "అదేదో ఇనుము చదువు" అని మాట మార్చేవాడు. చెల్లెలు రాసిన వ్యాసాలు తెచ్చుకుని, అక్షరం ముక్క అర్థంకాక, బీరువాలో మంచి బట్టల కింద దాచేవాడు. ఆ నలభై సెకన్లతో మొదటిసారి చెల్లెలి చదువు ఆయన చేతికి అందింది. ఆ చేత్తో ఏం చేశాడో ఆమెకు ఆ రోజుదాకా తెలియదు.

ఫ్యాక్టరీలో అది భద్రతా వారోత్సవం. ముఖ్య అతిథిగా ఎవరిని పిలుద్దామని మేనేజరు అడిగీ అడగక ముందే అన్నయ్య చెల్లెలి పేరు చెప్పేశాడు. క్యాంటీన్‌లో రెండువందల మంది కూర్చున్నారు. ఆమె వాళ్ళ ముందు పేపర్ క్లిప్పును ముందుకీ వెనక్కీ వంచి విరగ్గొట్టింది. రంపం బ్లేడును పుటుక్కున రెండు ముక్కలు చేసింది. నవ్వించింది, భయపెట్టింది, మళ్ళీ నవ్వించింది. చివర్లో ఎవరో చెంచాతో పళ్ళెం మీద కొట్టారు. అంతే, రెండువందల పళ్ళేలు మోగాయి. "టంగుమంటే గట్టి, బొంగురైతే ఒట్టి!" అని రెండువందల గొంతులు అరిచాయి. అన్నయ్య ముందు వరసలో కూర్చుని, కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని తుమ్మినట్టు నటించాడు.

సభ అయ్యాక ఆమె చెయ్యి పట్టుకుని, "పద, నీకో బహుమతి చూపిస్తా. కళ్ళు మూసుకోమనను, ఏ గుంటలోనో పడతావు" అన్నాడు.

షెడ్డు చాలా ఎత్తుగా ఉంది. పైన ఈ గోడ నుంచి ఆ గోడకు క్రేను. దానికి వేలాడుతూ మనిషి తొడంత లావు ఉక్కు కొక్కెం. అప్పుడే ఆ కొక్కెం, కారంత ఉన్న పంపు పెంకును ఎత్తి, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకెళ్ళి దించింది. పది టన్నుల బరువు. వేలాడే బరువు కింద ఎవరూ నడవకూడదని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. గోడ తన మాట తను అంటూనే ఉంది, మనుషులు క్యాంటీన్ నుంచి తమ దారిన తాము నడుస్తూనే ఉన్నారు.

అన్నయ్య చెయ్యి ఊపగానే ఖాళీ కొక్కెం కిందికి, ఆయన ఛాతీ ఎత్తుకి దిగి ఆగింది. ఆయన మేకుకు తగిలించిన చిన్న సుత్తి తీశాడు. పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడి, కొక్కేన్ని ఒక్కటి కొట్టాడు.

టంగుమంది. నిండుగా, తేటగా, షెడ్డు చివరిదాకా సాగింది ఆ మోత.

"గట్టి!" అని చుట్టూ ఉన్న ఫిట్టర్లు ఒక్క గొంతుతో అరిచారు. పైన గదిలోంచి క్రేన్ ఆపరేటరు తల బయటపెట్టి నవ్వాడు.

ఆమె చప్పట్లు కొట్టింది. "బాగుందన్నయ్యా. నా కోసం ఎన్ని రోజులు రిహార్సల్ చేశారేంటి?"

"రిహార్సలా? రోజూ ఇంతే. పొద్దున పని మొదలెట్టే ముందు కొడతాం, మోగితే ఎత్తుతాం. ఇదిగో, చూడు" అని ఆయన బల్లమీద రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాడు.

తారీఖు, కొక్కెం నంబరు, ఆ పక్కన అచ్చువేసిన శీర్షిక: రంగు పరీక్ష. ఆ 'రంగు'లో మొదటి అక్షరాన్ని పెన్నుతో కొట్టేసి, పైన ముద్దుగా 'ట' అని రాసి ఉంది. టంగు పరీక్ష. కింద ప్రతిరోజూ ఒకే మాట, టంగు సరే, టంగు సరే, టంగు సరే. పక్కన అన్నయ్య గుండ్రటి సంతకం. ఆ పక్కన ఇంకెవరిదో గొలుసుకట్టు సంతకం. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది.

"అక్షరం ఐడియా నాదే" అన్నాడు అన్నయ్య, మురిసిపోతూ.

రంగు పరీక్ష అంటే ఏమిటో ఆ షెడ్డులో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మూడు నెలలకోసారి కొక్కేన్ని శుభ్రంగా కడిగి, ఎర్ర రంగు పట్టించి, కాసేపాగి తుడిచేసి, పైన తెల్లపొడి చల్లుతారు. ఎక్కడన్నా పగులుంటే, అందులోకి దూరిన రంగు తెల్లపొడిలోకి ఊరి, ఎర్రగీత గీసి చూపిస్తుంది. కంటికి కనబడని పగులు కూడా దాని ముందు దాగదు.

"అన్నయ్యా, అసలు రంగు ఎప్పుడు వేశారు? ఆఖరిసారి?"

"అబ్బే, దాంతో ఏం పని ఇంక? ఒక పూటంతా క్రేను ఆపుకోవాలి. ఆ ఎరుపు వారంరోజులు చేతులకి వదలదు, మీ వదిన నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు. నీది పది సెకన్ల పని. డబ్బా మూత తీసి ఏడాదిన్నర అయింది."

ఏడాదిన్నర. పైన కొక్కెం, కింద నడిచే మనుషులు, రోజుకు ఎన్నిసార్లో ఎత్తే పది టన్నులు.

"ఎవరన్నారు అన్నయ్యా... ఉక్కుకి ఇది పనికొస్తుందని?"

"నువ్వే కదే!" ఆయన ఆశ్చర్యపోయాడు. "వస్తువేదైనా సరే అన్నావు కదా. నేనేం గుడ్డిగా నమ్మలేదులే. గ్రైండింగు చక్రాన్ని బిగించే ముందు మేం ఎప్పట్నించో కొట్టే చూస్తాం. మోగకపోతే పారేస్తాం. అదీ ఇదీ ఒకటే అనుకున్నా. నీ నోట కూడా అదే వచ్చేసరికి ఇంక అనుమానమే లేదు."

వస్తువేదైనా సరే. ఆ మాట ఆమె రాసింది కాదు. ఆమె రాసుకున్నది "పింగాణీ, గాజులాంటి వస్తువేదైనా సరే" అని. వీడియో తీసేటప్పుడు ఆ మొదటి రెండు మాటలూ పంటికింద రాళ్ళలా అడ్డుపడ్డాయి. రెండుసార్లు తడబడింది. మూడోసారి వాటిని తీసేసి చెప్పి చూసింది. ఎంత హాయిగా దొర్లిందో! తర్వాత ఇంకో వీడియోలో చెబుదాంలే అనుకుంది. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే జనం చప్పట్లు కొడుతున్నారు, ఆమె వింటోంది. గ్రైండింగు చక్రం రాయి జాతిది, కప్పుకి చుట్టం. చిన్న బీట పడ్డా గొంతు మారిపోతుంది. కానీ తొడంత ఉక్కులో గోరంత పగులు ఉంటే మోతకి దాని సంగతే తెలియదు. విరిగే రోజు పొద్దున కూడా నిక్షేపంగా టంగుమంటుంది. ఇది ఆమె మొదటి ఏడాది విద్యార్థులకి చెప్పే పాఠం.

"క్రేను ఆపించు" అంది.

"ఇప్పుడా? మధ్యాహ్నం లోపు ఇంకో పెంకు..."

"ఆపించమంటున్నానా!"

ఆ అరుపుకి షెడ్డంతా ఠక్కున ఆగిపోయింది. సభలో అంత నవ్వించిన మనిషి ఇలా అరుస్తుందని ఎవరూ అనుకోలేదు. అన్నయ్య ఇంకేం అడగలేదు. చిన్నప్పటి నుంచీ వాగుతూ ఉన్న చెల్లెలు అరవడం ఆయన అదే మొదటిసారి వినడం.

స్టోర్‌లోంచి రంగు డబ్బాలు తెప్పించారు. మూతల మీద వేలెడు దుమ్ము. ఆమె మంచి బట్టల సంగతి చూసుకోకుండా గ్రీజు వదిలించే ద్రావకంలో ముంచిన గుడ్డలతో తానే కొక్కెం వంపు కడిగింది. అన్నయ్య వద్దన్నా వినలేదు. ఎర్ర రంగు కొట్టింది. పది నిమిషాలు ఆగాలి. మధ్యలో అన్నయ్య "ఏమీ ఉండదులే, భయపడకు" అన్నాడు. అది ఆమెకు చెప్పాడో తనకు చెప్పుకున్నాడో తెలియదు. రంగు తుడిచింది. తెల్లపొడి కొట్టింది.

కొక్కెం తెల్లగా సున్నం వేసినట్టు మెరిసింది. క్షణం, రెండు క్షణాలు. ఆమె లోపల ఆశ పుట్టింది. దేవుడా, గండం తప్పిందా?

వంపు లోపలి వైపు, బరువు సరిగ్గా వేలాడే చోట, ఒక ఎర్ర చుక్క కనిపించింది. చుక్క పక్కన చుక్క. చుక్కలు కలిసి గీత అయింది. గీత కదులుతూ, సాగుతూ, చూస్తుండగానే జానెడు పొడవయ్యింది.

ఎవరో "అయ్యో" అన్నారు. కాసేపటి కిందట ఆ కొక్కెం కింద నుంచి నడిచొచ్చిన ముసలి ఫిట్టరు ఉన్నచోటే కూలబడ్డాడు. ఆమె నిర్ఘాంతపోయి చూస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్ళలో వందల పగుళ్ళు చూసింది. కానీ అన్నీ విరిగిపోయాక తన బల్లమీదికి వచ్చినవే. మనుషుల నెత్తిమీద వేలాడుతూ, విరగడానికి సిద్ధంగా ఉన్న పగులును ఆమె ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

అన్నయ్య సుత్తి తీసుకున్నాడు. ఆ ఎర్రగీత పక్కనే కొట్టాడు.

టంగుమంది. మునుపటిలాగే నిండుగా, తేటగా.

మళ్ళీ కొట్టాడు. టంగుమంది. ఇంకోసారి కొట్టబోతే ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

ఇంతలో కబురు అందుకుని మేనేజరు పరుగున వచ్చాడు. సన్నగా, కళ్ళజోడు ముక్కు చివరికి జారిన మనిషి. గీతను చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రంగు పరీక్ష ఎవరు మానమన్నారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు అన్నయ్య వెంటనే. "నేనే. బద్ధకించాను. తప్పంతా నాది."

పనిలో ఒక్క బోల్టు వదులుగా వదిలేస్తే రాత్రి నిద్రపోని మనిషి, తన కింద పనిచేసే ఫిట్టర్లందరి ముందు తనను తాను బద్ధకస్తుణ్ణని చెప్పుకుంటున్నాడు. ఇలాంటి ఏమరుపాటుకి ఉద్యోగం ఊడుతుందని ఆయనకు తెలియదా?

"అబద్ధం" అంది. "చెప్పింది నేను."

"నువ్వు నోర్మూసుకో పిచ్చుకా" అన్నాడు అన్నయ్య పళ్ళ మధ్య నుంచి. "నీకు బోలెడు పేరుంది. ఇక్కడ నీకేం సంబంధం లేదు."

"నా పేరు వల్లే కదన్నయ్యా వచ్చింది ఇదంతా!" ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. "సార్, ఆ మాట కప్పులకీ గాజుకీ చెప్పింది. ఇనుముకి కాదు. నాకు తెలుసు. చెప్పడానికి బాగుండదని ఆ రెండు మాటలూ నేనే తీసేశాను. మా అన్నయ్య నన్ను నమ్మాడు, అంతే ఆయన చేసింది."

మేనేజరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత రిజిస్టరు దగ్గరికి వెళ్ళి, గొలుసుకట్టు సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇది నాది మేడమ్. తెలిసే ఎవరన్నారని అడిగాను. రోజూ నేనూ సంతకం పెట్టాను." ఆయన గొంతు పీలగా వచ్చింది. "అంతటితో పోలేదు. ఇతని ఐడియా నాకు తెగ నచ్చింది. మీ వీడియో జతచేసి, మా మరమ్మతు కేంద్రాలన్నిటికీ ఉత్తర్వు పంపాను. రంగు బదులు టంగు చాలని."

"ఎన్ని కేంద్రాలు?"

"తొమ్మిది."

తొమ్మిది షెడ్లు, తొమ్మిది కొక్కేలు. అన్నిచోట్లా ఈ పొద్దున కూడా ఎవరో సుత్తితో కొట్టి, సంతోషంగా తలూపి ఉంటారు.

ముగ్గురూ మేనేజరు గదిలోకి పరిగెత్తారు. మూడు ఫోన్లు, మనిషికి మూడు నంబర్లు. మేనేజరు మాటకి అవతలివాళ్ళు "సరే సార్" అని ఆపేస్తున్నారు. అన్నయ్య పాత స్నేహితుల్ని తిట్టి మరీ ఆపించాడు. ఆమె వంతుకొచ్చిన మొదటి రెండు కేంద్రాల్లోనూ క్రేను ఆగింది. మూడోది, అంటే తొమ్మిదోది, మిగిలింది. ఆ ఇద్దరూ తమ ఫోన్లు పెట్టేసి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు.

"హలో, ఎవరండీ?" అంది ఒక హుషారైన మగ గొంతు.

"నేను... టంగు మేడమ్‌ని. ఆ వీడియోలో..."

"అమ్మో, మీరా! ఒక్క నిమిషం మేడమ్, లైన్లో ఉండండి, లోడు గాల్లో ఉంది. దించేసి మాట్లాడతా."

"ఆగండి, కింద ఎవరైనా..."

అవతల ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు. దూరంగా గొలుసులు కదులుతున్నాయి. "నెమ్మదిగా, నెమ్మదిగా" అని ఎవరో అంటున్నారు. ఇంకెవరో ఏదో జోకు వేశారు, నవ్వులు. ఆమె ఫోన్ చెవికి నొక్కి పట్టుకుని నిలబడింది. ధన్‌మని ఏదో పడ్డ చప్పుడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆఁ, దిగింది మేడమ్, చెప్పండి" అంది అదే గొంతు, అంతే హుషారుగా. "ఇంకో పది నిమిషాల్లో రెండోది ఎత్తాలి. మా దగ్గర కూడా ప్రోగ్రామ్ పెడతారా?"

"రెండోది ఎత్తకండి. ఆ కొక్కేనికి రంగు పరీక్ష చేసేదాకా దేన్నీ ఎత్తకండి."

"కొక్కేనికేం మేడమ్? పొద్దున్నే కొట్టి చూశాం. మీరు చెప్పినట్టే."

"నేను చెప్పింది తప్పు. ఉక్కుకి అది పనికిరాదు. మోగినా పగులుండొచ్చు."

అవతల గొంతులో హుషారు పోయింది. "ఎవరండీ మీరు అసలు?" అన్నాడు. "ఆవిడ అలా మాట్లాడదు. ఆవిడ ప్రోగ్రాములు అన్నీ చూశాం మేము. పని టైములో ఈ వేళాకోళాలేంటి?"

"నేనేనండీ. నిజంగా నేనే..." ఆ తర్వాత ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. ఇన్నేళ్ళు వేలమందికి నమ్మకం కలిగేలా మాట్లాడిన మనిషికి, ఒక్కడి నమ్మకం పోగొట్టడం చేతకాలేదు. "పెట్టేస్తున్నా" అన్నాడు అవతలివాడు.

అన్నయ్య ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"బాబూ, పెట్టకు. నేను ఆవిడ అన్నయ్యని. ఆ టంగు పద్ధతి మొదలుపెట్టింది నేనే. మా చెల్లెలు తప్పు చెప్పింది." ఆయన చెల్లెలి మొహంలోకి చూడలేదు. "మా చెల్లెలు తప్పు చెప్పింది, నేను తప్పు విన్నాను. నా కొక్కెం జానెడు పగిలి ఉంది. ఇప్పుడే నా కళ్ళతో చూశాను. పగిలిందాన్ని కొడితే కూడా టంగుమంది. నీ వాళ్ళని దాని కింద నుంచి పక్కకి రమ్మను."

అవతల ఫోన్ మళ్ళీ బల్లమీద పెట్టిన చప్పుడు. తర్వాత, ఫోన్‌కి దూరంగా, ఎవరో గొంతు చించుకుని "క్రేను ఆపండ్రా" అని అరిచారు.